ఈశ్వరి వేరు

మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య నన్ను టీకి పిలిచారు. రిటైరైనవాళ్ళను అప్పుడప్పుడూ అలా పిలిచి కూర్చోబెట్టడం అక్కడ మర్యాద. మాటల మధ్యలో ఒకమ్మాయి, "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని డేటా ఏది?" అని అడిగింది. పెళ్ళిభోజనంలో ఏ కూర నచ్చిందని అడిగినట్టు అడిగింది. ఏదో చెప్పి నవ్వించి వచ్చేశాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివితే మంచిదే.

నాది గుంటూరు వైపు. మా ఆయన సూరత్ దగ్గర హజీరాలో ఇంజనీరు. పెళ్ళై సూరత్ వచ్చేనాటికి నాకు తెలిసిన విద్య కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం ఒక్కటే. కొన్నేళ్ళు రింగ్ రోడ్డులో చీరల హోల్‌సేల్ వ్యాపారులకు సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు రాసి పెట్టాను. తర్వాత ఒక క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధన విభాగంలో కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలంటే వెళ్ళి చేరాను. జీవశాస్త్రం మాత్రం నలభై దాటాక, నాకంటే చిన్నవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చీరల నుంచి కణితులకు రావడం పెద్ద కష్టమేమీ కాలేదు. రెండు చోట్లా సరుకు తారుమారైతేనే అసలు గొడవ.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత ఉంటుంది. అదే డీఎన్‌ఏ. పొగాకు పొగ, ఎండ, కొన్ని రసాయనాలు ఆ రాతను చెడగొడుతుంటాయి. కణం దిద్దుకుంటూనే ఉంటుంది. దిద్దుకోలేనివి అచ్చుతప్పుల్లా మిగిలిపోతాయి. చెడగొట్టినదాన్ని బట్టి తప్పులు కూడా వేరే రకంగా పడతాయి. పొగాకు వల్ల పడే తప్పులు ఒక తీరు, ఎండ వల్ల పడేవి మరో తీరు. కణితిలోని వేల తప్పులను పోగుచేసి, ఏ అక్షరం పోయి ఏ అక్షరం వచ్చింది, దాని అటూ ఇటూ ఏముంది అని కంప్యూటర్‌తో లెక్కగడితే, చెడగొట్టింది ఏదో కొంతవరకు తెలుస్తుంది. ఆ 'కొంతవరకు' అన్నది మరచిపోయినవాళ్ళు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవరు.

మా విభాగం పెద్దాయన గుజరాతీ సర్జను. సూరత్ పక్కనున్న పల్సానా వైపు అద్దకం మిల్లుల్లో పనిచేసేవాళ్ళ మూత్రాశయ కణితులు కోసి కోసి విసిగిపోయిన మనిషి. బట్టల రంగుల్లో కొన్ని రసాయనాలు ఆ క్యాన్సరు తెస్తాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఫలానా మిల్లులో పనిచేసిన ఫలానా మనిషికి అది రంగు వల్లే వచ్చిందని చూపించడం ఎవరి తరమూ కాలేదు. మిల్లువాళ్ళు బీడీ అంటారు, గుట్కా అంటారు, చివరికి వయసు అంటారు. అందుకని ఆయన పంతం పట్టాడు. మూత్రాశయం, మూత్రనాళాలు, కిడ్నీలు, ఎక్కడ కణితి వచ్చినా ఆ కార్మికుల నమూనాలు తీసుకుని, రంగు వదిలిన గుర్తు అందులో పట్టుకోవాలని. కార్మిక సంఘంవాళ్ళకు ముందే మాట కూడా ఇచ్చేశాడు. ఫలితం రాకముందే మాట ఇవ్వడం మంచి అలవాటు కాదు. ఆయన గదిలో కూర్చుని ఏడ్చి వెళ్ళిన కుటుంబాలను మేమంతా చూశాం గనక ఆ మాట అప్పట్లో ఎవరం అనలేదు.

ఆ ప్రాజెక్టులో కంప్యూటరు కాక నాకు ఇంకో పని కూడా పడింది. తెలుగు. మగ్గాల కోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. డాక్టరు హిందీలో అడిగితే ఆ మనుషులు "సబ్ ఠీక్ హై" అని ఊరుకుంటారు. తెలుగులో అడిగితే సంగతులు బయటికొస్తాయి. అందుకని వార్డుకు వెళ్ళి మాట్లాడి, కణితి ముక్క పరీక్షకు వాడుకోవడానికి ఒప్పుకుంటారా అని అడిగే బాధ్యత నాది.

అలా కలిశాడు ఆయన. వయసు యాభైకి ఇంకా రాలేదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అక్క చేయి పట్టుకుని సూరత్ వచ్చాడు. కొన్నాళ్ళు మరమగ్గాల మీద, తర్వాత పల్సానాలో అద్దకం మిషను మీద పనిచేశాడు. ఎడమ కిడ్నీ, దాని కింద నాళం కణితితో సహా తీసేశారు. రెండో కిడ్నీ అప్పటికే ఎండిపోతోంది. భార్య కొన్నేళ్ళ కింద జ్వరంతో పోయింది. ఒక కూతురు. పక్కన ఎప్పుడూ అక్కే ఉండేది. నా వయసుదే. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించి, రాళ్ళు అంటించి ఇస్తుంది.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"మంచిగనే ఉన్న మేడం. ఒక కిడ్నీ వాళ్ళు తీస్కున్నరు. ఇంకోటి నాకు ఇడిసిండ్రు. అది గూడ సక్కగ లేదంటున్నరు," అని నవ్వాడు.

"జర మంచిగ చెప్పురా, నవ్వుడేంది? తెలుగామె వచ్చింది," అని అక్క కసిరింది. తర్వాత నా వైపు తిరిగింది. "గా మిల్లు నీళ్ళే మేడం. డ్యూటీ దిగొస్తే వీని చెమట గూడ నీలముండేది. తువ్వాలకు అంటేది. బయట గంత అంటితే లోపట అంటకుంట ఉంటదా? మీ కంపూటర్ల గది కనపడ్తదా?"

"కనపడొచ్చు అక్కా. అందుకే చూస్తున్నాం."

"అయితె తీస్కపోండ్రి. ఎంత కావాల్నో అంత తీస్కపోండ్రి," అంది, కణితి తనదే అయినట్టు.

మా ప్రశ్నల్లో బీడీ ఉంది, గుట్కా ఉంది, తాగుడు ఉంది, ఏ మిల్లులో ఎన్నేళ్ళు, ఏ రంగు అన్నవన్నీ ఉన్నాయి. ఇంట్లో ఏమైనా నాటుమందు వాడతారా అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్నలు తయారు చేయడానికి మేమంతా ఎన్నోసార్లు సమావేశమయ్యాం, సమోసాలు కూడా తిన్నాం.

డేటా రావడానికి నెలలు పట్టింది. అప్పటివరకు చూసిన అద్దకం కార్మికుల కణితులన్నీ ఒకలాగే విసిగించాయి. తెర మీద అన్ని రకాల తప్పులూ తలా కాస్త. ఇదిగో రంగు అని వేలు పెట్టి చూపించడానికి ఏదీ లేదు. ఈయనది తెరిచేసరికి పొట్టి గీతల మధ్య నుంచి ఒక గుంపు తెర పైఅంచుదాకా లేచి నిలబడింది. 'టి' ఉండాల్సిన చోట 'ఎ' వచ్చింది. ఒక చోట కాదు, రాత పొడుగునా అదే తప్పు.

మొదట నమూనాలు కలిసిపోయాయనుకున్నాను. డీఎన్‌ఏ తీసే టెక్నీషియన్ బార్డోలీ నుంచి రోజూ బస్సులో వచ్చే ఆవిడ, ఉద్యోగంలో నాకంటే సీనియరు. వెళ్ళి అడిగితే ఆవిడకు కోపం వచ్చింది. గుజరాతీలో 'బెన్' అంటే అక్క, ఆ పిలుపు మాత్రం వదల్లేదు. "బెన్, నా చేతిలో ఇంతవరకు ఏదీ మారలేదు. మీ ప్రోగ్రామే ఇంకోసారి చూసుకోండి," అంది. చూసుకున్నాను. కణితి, రక్తం ఒకే మనిషివి. ప్రోగ్రాములో తప్పు లేదు. ఆవిడ కూడా ఫ్రీజర్‌లో మిగిలిన ముక్కతో మళ్ళీ మొదటినుంచి చేసి ఇచ్చింది. మళ్ళీ అదే వచ్చింది.

ఆ గుర్తు ఏమిటో నాకు తెలుసు. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుసు. ఒక జాతి మొక్కల్లో ఉండే విషం చేసే పని అది. ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తే ముందు కిడ్నీలను ఎండబెడుతుంది, తర్వాత మూత్రనాళాల్లో కణితులు తెస్తుంది. ఇంత స్పష్టంగా తన గుర్తు వదిలివెళ్ళేవి చాలా తక్కువ.

పెద్దాయనకు చూపించాను. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"రంగుల్లో ఇలాంటిది ఏదైనా ఉందేమో వెతికారా?"

"వెతికాను సార్. లేదు."

"మిగతా కార్మికుల్లో?"

"ఒక్కరిలోనూ లేదు. ఈయనలోనే."

"సంఘంవాళ్ళు వచ్చే వారం వస్తారు బెన్," అన్నాడు.  మళ్ళీ ఆయనే, "వెళ్ళి అడగండి. ఏం తింటాడో, ఏం తాగుతాడో. జవాబు మీరు అందించకుండా అడగండి," అన్నాడు.

ఊళ్ళోనే లింబాయత్ వైపు ఒక సందులో వాళ్ళ గది. కింద మగ్గాలు, పైన ఇళ్ళు. నేల అదురుతూనే ఉంటుంది, ఆ ఇళ్ళవాళ్ళకు అది తెలియదు కూడా. అక్క చీరల మూట ముందేసుకుని దారాలు కత్తిరిస్తోంది. తమ్ముడి కూతురు రింగ్ రోడ్డులో చీరల దుకాణంలో సేల్స్ పని చేస్తుంది. అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. చాలా అలసిపోయినట్టుంది అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను.

"రోజంతా నిలబడి చేసే పని కదా, ఒళ్ళు నొప్పులొస్తే మీ తమ్ముడు ఏం చేసేవాడు?" అని అడిగాను.

అక్క ముఖం విప్పారింది. లేచి స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. "ఈశ్వరి వేరు మేడం. ఊరికెల్లి తెప్పిస్త. నీడకు ఎండబెట్టి, దంచి, బట్టల జల్లెడ పట్టాలె. నొప్పులకు మంచిది, వేడికి మంచిది, ఆడోళ్ళ కడుపునొప్పికి ఇంక మంచిది. నేను గూడ తింట, గల్లీల అందరికి ఇస్త. పైస ముట్ట."

"తమ్ముడికి?"

"వాడు మగ్గం మీద నిలవడ్డ కాన్నుంచి. పొద్దుగాల లేస్తనే, పరిగడుపున. కాళ్ళు గుంజుతున్నయని ఏడ్చేటోడు, పోరడు. నేనేం జేద్దు? మా అమ్మ మాకు గిదే ఇచ్చేది."

 వస్తుంటే ఆమె కాగితంలో కొంత పొడి పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "మెట్లెక్కంగ చూసిన, మీకు గూడ మోకాళ్ళు నొస్తున్నయ్ గద," అంది. ఆ పొట్లాన్నే రసాయన పరీక్షకు ఇచ్చాం. అనుమానించిన విషం అందులో ఉంది.

తమ్ముడి కణితి అప్పటికే ఎముకలకు పాకింది. వార్డులో ఆయన ఒక్కడే ఉన్న సమయం చూసి పెద్దాయనా నేనూ వెళ్ళి చెప్పాం. పెద్దాయన హిందీలో చెప్పింది విని, నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తెలుగులో మళ్ళీ చెప్పాను. ఆయన మంచం అంచు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"గన్నేండ్లు మిల్లుల రంగు మింగిన. అది ఏం జేయలే, మా అక్క పెట్టింది జేసిందా?"

"రంగు ఏమీ చేయలేదని నేను అనడంలేదు. మాకు కనపడింది మాత్రం ఇదే."

"అక్కకు చెప్పకుండ్రి మేడం."

"గల్లీలో ఇంకా ఎందరో తింటున్నారు. మీ అమ్మాయి కూడా తింటోందేమో. చెప్పకుండా ఎలా?"

"బంద్ చేయించుండ్రి. ఏదో ఒకటి చెప్పి బంద్ చేయించుండ్రి. గని నాకు గిట్ల దానివల్ల అయిందని నేనున్నన్ని రోజులు చెప్పకుండ్రి. అక్క నా ముంగట కూసుంటది, నేను అక్క మొఖం చూడాలె. నాతోని కాదు. నేను పోయినంక మీ ఇష్టం," అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

పెద్దాయన ఒప్పుకున్నాడు. అదే రోజు అక్కను పిలిచి, ఇంట్లో ఇంకెవరి కిడ్నీలూ పాడవకుండా ఉండాలంటే నాటుమందులన్నీ ఆపేయాలని, గల్లీలోవాళ్ళకు కూడా ఇవ్వొద్దని గట్టిగా చెప్పాడు. నేను తెలుగులో ఇంకా గట్టిగా చెప్పాను. ఆమె "అట్లనే" అని తలూపింది. ఇంగ్లీషు మందుల డాక్టర్లు ఎప్పుడూ ఇదే మాట అంటారని ఆమె లెక్క. అందుకే అంత తేలిగ్గా తలూపిందని నాకు తర్వాత అర్థమైంది.

వానాకాలం మధ్యలో తమ్ముడు పోయాడు.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం అక్కా, మేనకోడలూ మా ల్యాబుకు వచ్చారు. పెద్దాయన గదిలో కూర్చోబెట్టాం. అక్క నల్లగా కమిలిపోయి ఉంది, మాట మాత్రం స్థిరంగా ఉంది.

"మీ కంపూటర్ల వచ్చిందంట గద. మిల్లుదే అని ఒక కాయితం రాసియ్యుండ్రి. సంఘపోల్లు అడుగుతున్నరు. పోయినోడు ఎట్లా రాడు, ఉన్నోళ్ళకన్న పనికొస్తది."

నేను ఆమె వైపు కాక ఆ పిల్ల వైపు చూస్తున్నాను. కళ్ళ కింద ఉబ్బు, ముఖమంతా పాలిపోయి ఉంది. మొదటిసారి చూసినప్పుడు అలసట అనుకున్నది అలసట కాదు.

"ఒంట్లో బాగుందా అమ్మా?"

"ఐసా కుఛ్ నై ఆంటీ. పొద్దున ఉల్టీ, అదే వాంతి లాగ అవుతుంది, బస్. పప్పా పోయాక ఖానా సరిగ్గా తింటలే కదా, అందుకే. అత్త పొడి ఇస్తుంది, తాకత్ కోసం. పహలే కంటే ఎక్కువ ఇస్తుంది ఇప్పుడు."

పెద్దాయనకు తెలుగు రాదు. కానీ 'పొడి' అన్న మాట ఆయనకు అప్పటికి వచ్చు. నా వైపు చూశాడు. నేను కుర్చీ అక్క పక్కకు జరుపుకుని కూర్చుని చెప్పాను. చుట్టూ తిప్పలేదు. తమ్ముడి కణితిలో ఏ గుర్తు ఉందో, అది ఏ వేరు చేసేదో, ఆమె ఇచ్చిన పొట్లంలో ఏం దొరికిందో చెప్పాను. కంప్యూటరు తెర తిప్పి ఆ గీతలు కూడా చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు, ఆమెకు అవి ఏం అర్థమవుతాయి? కానీ ఆమె ముందుకు వంగి చాలాసేపు వాటినే చూసింది.

"గా పొడుగుది... అది నేనిచ్చిందా?"

"అవునక్కా."

"రంగుది అసలే లేదా?"

"లేదని చెప్పలేను. ఇది ఎంత ఎక్కువుందంటే, దీని వెనక ఇంకేమున్నా మాకు కనపడటం లేదు."

"వానికి ఎరుకనా?"

అక్కడ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "తెలుసు. మీకు చెప్పొద్దన్నాడు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయన లేచి వచ్చి, "బెహన్, ఇస్ మే ఆప్ కీ గల్తీ నహీ హై," అన్నాడు, ఇందులో మీ తప్పు లేదని.

"తో ఫిర్ కిస్ కీ హై?" అంది ఆమె, మరి ఎవరిదని.   ఆ మొక్క ఊళ్ళో చేల గట్ల మీద మొలుస్తుంది. తల్లి ఆమెకు పెట్టింది, ఆమె తమ్ముడికి పెట్టింది. ప్రేమ లేకపోతే ఇన్నేళ్ళు ఎవరూ ప్రతి ఉదయం మరచిపోకుండా పెట్టలేరు. ప్రతి ఉదయం మరచిపోకుండా పెట్టడమే ప్రాణం తీసింది.

 మేనకోడలు నడుం మీద చేయి పెట్టుకుని, "మేరా భీ?" అని, తన కిడ్నీలూ అంతేనా అన్నట్టు నన్ను అడిగింది. పరీక్ష చేద్దామన్నాను. ఆ పిల్ల అత్త పక్కనుంచి లేచి వెళ్ళి గోడవైపు నిలబడింది.

అక్క ఆమె వైపు ఒకసారి చూసి, లేచింది. "గల్లీల ఎవరెవరు తింటున్నరో నాకే ఎరుక. నువ్వొస్తవా? నేనొక్కదాన్ని చెప్తె నమ్మరు," అంది నాతో. అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి.

వెళ్ళాం. పిల్లను రక్త పరీక్షకు పంపి మేమిద్దరం ఆటోలో వెళ్ళాం. దారిలో ఆమె వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టుకుంది. గల్లీలో మొదటి తలుపు దగ్గర, నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పింది. "నేనిచ్చిన పొడి పారబొయ్యి. నా తమ్ముడు దాంతోనే పోయిండు. పోయి కిడ్నీలు చూపిచ్చుకో." అంతే. ప్రతి ఇంటి ముందూ అవే మాటలు, అదే గొంతు. నేను పక్కన నిలబడి అవునంటూ తలూపే మనిషిని.

కొందరు నవ్వారు. ఒక ముసలాయన, "మా తాతల సంది తింటున్నం, నాకేమైంది? నీ తమ్ముడు పోయిన బాధల నీకు దిమాక్ ఖరాబైంది," అని తలుపు వేయబోయాడు. ఆమె గడప మీద కూర్చుంది. డబ్బా తెచ్చి ఇచ్చేదాకా లేవలేదు. ఇంకో ఇంట్లో ఒకావిడ, అంతకుముందు ఏడాది భర్త కిడ్నీలు పాడై పోయినావిడ, మొత్తం విని గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా, "మా ఆయనకు నువ్వే తెచ్చిచ్చేదానివి గదా," అంది.

"నేనే తెచ్చిచ్చేది."

"ఇంక మా ఇంటి దిక్కు రాకు."

"రాను. నువ్వు మాత్రం దవాఖానకు పో. నువ్వు గూడ తిన్నవ్," అంది అక్క. ఆవిడ తలుపు వేసేసింది. మూసిన తలుపు ముందు నిలబడి ఈమె మళ్ళీ చెప్పింది, "పో తప్పకుంట."

సాయంత్రానికి ఆ గల్లీలో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. పరీక్షలకు మాత్రం వచ్చారు. అందరూ కాదు, చాలామందే. కొందరికి ఏమీ లేదు. కొందరి కిడ్నీలు సగం పోయి ఉన్నాయి, వాళ్ళకే తెలియదు. తలుపు వేసినావిడకు చిన్న కణితి దొరికింది. దొరికింది గనక తీసేశారు. మేనకోడలి కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయి. మేం అక్కకు అసలు సంగతి దాచిన ఆ కొద్ది వారాల వల్ల తేడా ఏమీ రాలేదని కిడ్నీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆయన్ని ఒకసారి కంటే ఎక్కువే అడిగాను.

మా ఫలితం మిల్లువాళ్ళకు ఎలా చేరిందో తెలియదు, చేరింది. సంఘం పెట్టిన ఫిర్యాదు మీద వాళ్ళు ఒకటే మాట అన్నారు. కార్మికులు ఇంట్లో విషం తిని మా మీద పెడుతున్నారని. మిగతా కార్మికుల కణితుల్లో ఆ వేరు జాడే లేదని, వాళ్ళకు రంగు కారణం కాదని మా ఫలితం ఎక్కడా చెప్పడం లేదని పెద్దాయన రాసిచ్చాడు. స్వయంగా వెళ్ళి చెప్పాడు. అయినా మిల్లువాళ్ళు ఒక్క మనిషి గీత చూపించి అంతమంది నోళ్ళు మూయించారు. పిల్లలూ, మీరు సరిగ్గా లెక్కగట్టిన లెక్క బయటికి వెళ్ళాక ఎవరి చేతిలో ఏమవుతుందో మీ చేతిలో ఉండదు. అలాగని తప్పు లెక్క చెప్పలేరు. పెద్దాయన ఆ తర్వాత ఏడాదికే పదవి వదిలేశాడు. ఆఖరి రోజున కూడా ఆపరేషన్ గదిలోనే ఉన్నాడు.

అక్క తన పరీక్షకు అందరికంటే చివర వచ్చింది. రెండు వైపులా నాళాల్లో కణితులు. కొన్ని నెలల తేడాతో రెండు కిడ్నీలూ తీసేయాల్సి వచ్చింది. మొదటి ఆపరేషన్‌కు ముందు నన్ను పిలిపించింది.

"నాది గూడ పెట్టు కంపూటర్ల."

"ఎందుకక్కా? నీకు తెలిసిందే కదా వస్తుంది."

"నేను మిల్లు గడప తొక్కలే. రంగు ముట్టలే. నాది, వానిది పక్కపక్కకు పెట్టి చూడు. వాని దాంట్ల నా దాంట్ల లేంది ఏమన్న ఉన్నదేమో."

ఆ ఆలోచన మాకు రాకపోలేదు. కానీ ఆమెను అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నమూనా తీసుకున్నాం. బార్డోలీ ఆవిడే డీఎన్‌ఏ తీసింది. ఆ రోజు మాతో టీకి రాలేదు.

ఫలితం వచ్చేనాటికి అక్క డయాలిసిస్ మీద ఉంది. కణితి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. వార్డుకు వెళ్ళేసరికి మిషను దగ్గర పడుకుని ఉంది. మేనకోడలు పక్కనే స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతోంది. ల్యాబు నుంచి వెళ్ళిన ఆ రోజు తర్వాత ఆ పిల్ల కొంతకాలం దుకాణంలో పనిచేసే స్నేహితురాలి గదిలో ఉంది. అత్తకు మొదటి ఆపరేషన్ అయిన రోజున తనంతట తనే తిరిగి వచ్చింది. వాళ్ళిద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు.

"వచ్చిందా?" అంది అక్క.

"వచ్చింది. నీదాంట్లో వేరు గుర్తు ఒక్కటే ఉంది. నీ తమ్ముడి దాంట్లో అది కాక ఇంకొంత ఉంది."

"రంగుదా?"

"గట్టిగా చెప్పలేను అక్కా. మిల్లులో చేసిన మిగతావాళ్ళలో కనపడేలాంటిదే. కానీ చాలా తక్కువ. రంగుదేనని సంతకం పెట్టమంటే పెట్టలేను."

"జరంతనా?"

"జరంతే."

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మిషను తిరుగుతోంది, గొట్టంలో రక్తం వెళ్తోంది, వస్తోంది.

"గా జర మిల్లోళ్ళది," అంది కళ్ళు తెరవకుండానే. "మిగిలింది నాది."

 కాదనడానికి నా దగ్గర లెక్క లేదు.

మేనకోడలు డబ్బాలో అన్నం, పప్పు కలుపుతూ అంతా వింది. "బస్ అత్తా," అంది. "ఎన్నిసార్లు అదే అంటావ్? అన్నం చల్లగైతది, తిను." ఒక ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. అక్క కళ్ళు తెరిచి ఆ చేతి వైపు చూసింది. పిల్ల చేయి తీయలేదు. అలా పట్టుకునే ఉంది. కాసేపటికి అక్క నోరు తెరిచింది.